పలక వెనకవైపు

మా అమ్మాయి బడికి వెళ్లిన మొదటి ఏడాదంతా, అది అక్కడ ఎలా ఉంటోందో నాకు రోజూ కబురు అందేది. కబురు తెచ్చేది మౌసి. ఒడియాలో మౌసి అంటే పిన్ని. ఆమె సొంతంగా ఎవరికి పిన్నో మాకు తెలీదు. గోపాలపురంలో బడికెళ్లే పిల్లలకీ, వాళ్ల తల్లులకీ, ఆఖరికి పంతులమ్మగారికీ కూడా ఆమె మౌసే.

ఆ రోజుల్లో చిన్నపిల్లల్ని బడిదాకా ఎవరు దిగబెట్టాలన్నది ప్రతి ఇంట్లోనూ ఒక తగువు. అందుకని బడివాళ్లే ఒక ముసలామెను పనిలో పెట్టుకునేవారు. మౌసి పని అదే. పొద్దున్నే తాటాకు గొడుగు వేసుకుని వీధి వీధీ తిరిగేది. వెనకాల పిల్లలు ఒక పొడవాటి తాడు పట్టుకుని వరసగా నడిచేవారు. తాడు వదిలితే సముద్రంలోకి కొట్టుకుపోతారని చెప్పి భయపెట్టింది. అది మా ఇంటాయన ఇచ్చిన పాత వలతాడు.

మా గంజాం జిల్లా అప్పటికి మద్రాసు కింద ఉండేది. రేవుకి రంగూను ఓడలు వచ్చేవి. రేవుకి దిగువన మా వాడ. మగవాళ్లు తెల్లవారకముందే తెప్పల మీద వేటకి పోయేవారు. ఆడవాళ్లం నలుగురైదుగురం కలిసి ఎడ్లబండి మాట్లాడుకుని, ఎండుచేపల గంపలతో బరంపురం వెళ్లేవాళ్లం. గేట్ బజార్‌లో అమ్ముకుని, ఇంటికి కావలసినవి కొనుక్కుని, పొద్దు వాలకముందే తిరిగొచ్చేవాళ్లం. ఆ బజారులో అందరూ బోర్డు చూసి కొట్టులోకి వెళ్లేవారు. నేను వాసన చూసి వెళ్లేదాన్ని. బెల్లం కొట్టు, కిరసనాయిలు కొట్టు, పసుపు కొట్టు నాకు ముక్కుతోనే తెలుసు. గుడ్డల కొట్లకి వాసన ఉండదు కదా, వాటి దగ్గర మాత్రం ఎవరినైనా అడగాల్సి వచ్చేది. అలా అడిగినప్పుడల్లా, నా కూతురు ఎవర్నీ అడక్కుండా తిరగాలని అనిపించేది.

మౌసి మా గుమ్మంలో మొదటిసారి నిలబడినప్పుడు ఎదురుగా మా అత్త ఉంది. హుమ్మ ఉప్పుమళ్ల నుంచి వచ్చిన ఉప్పు చేపలకి పట్టిస్తోంది.

"గుంటని ఇటిచ్చియ్యండి. సందేలదాకా మేమే సూసుకుంటాం. నాలుగు పాటలొస్తాయి, నాలుగచ్చరాలొస్తాయి," అంది మౌసి.

"అచ్చరాలు ఉప్పులో ఏసి ఎండబెడతామేటి?" అంది మా అత్త.

మౌసి నవ్వి అక్కడే చతికిలబడింది. మా అత్తతో నవ్వినవాళ్లు గెలిచినట్టే లెక్క. చివరికి ఆమె చెయ్యి దులుపుకుని నావైపు తిరిగి తీర్పు చెప్పింది. "ఒక్క ఏడాది. పై తరగతికెక్కితే ఎక్కింది. నేదంటే నాతో పాటు ఉప్పు కాడ కూకుంటాది. మరి నన్నడగొద్దు కోడలా."

అన్న మాట మీద నిలబడే మనిషి. ఆ ఏడాది సగంలోనే మనవరాలికని ఒక చిన్న చెక్కపీట చేయించి, ఉప్పు గోలెం పక్కన పెట్టింది. రోజూ ఆ పీట దాటుకుంటూనే నేను ఇంట్లోకి వెళ్లేదాన్ని.

అయినా నాకు బెంగ ఉండేది కాదు. మౌసి తెచ్చే కబుర్లు అంత బాగుండేవి.

"ఏటన్నారు మౌసీ పంతులమ్మగోరు?"

"ఏటంటారు! ఇంత నెమ్మదైన గుంట బడి మొత్తానికి నేదంట. కూకున్న చోట కూకున్నట్టే ఉంటాదంట. భలొ పిలా, భలొ పిలా అని ఒకటే మెచ్చుకోడం."

భలొ పిలా అంటే మంచి పిల్ల. పంతులమ్మగారికి ఒడియా రాదని నాకప్పటికి తెలీదు. నాకు వింతగా తోచిందల్లా ఒక్కటే. ఇంట్లో మా పిల్ల నోరు మూతపడేది కాదు. కాకితో మాట్లాడేది, ఖాళీ కుండతో మాట్లాడేది, నిద్రలోనూ మాట్లాడేది. అలాంటిది బడిలో నెమ్మదిగా ఉంటోందంటే చదువు మహిమ అనుకున్నాను. సంతోషం పట్టలేక మంచి ఎండు నెత్తళ్ల చేపలు ఏరి, ఆకులో చుట్టి, పంతులమ్మగారికి ఇమ్మని మౌసి చేతికిచ్చేదాన్ని. మర్నాడు జవాబు వచ్చేది: పంతులమ్మగారు నెత్తళ్ల పులుసు వేళ్లు నాక్కుంటూ తిన్నారట.

బడికి నేను స్వయంగా వెళ్లొచ్చు. బరంపురం బండి దిగి ఇంటికి నడిచే దారిలోనే ఉండేది. కానీ చేపల వాసనతో అక్కడ నిలబడడానికి మనసొప్పేది కాదు. బడి కనిపించగానే రోడ్డుకి అవతలి పక్కకి తప్పుకుని నడిచేదాన్ని.

ఒక రోజు బండివాడి ఎద్దు కుంటుతోందని మా ప్రయాణం ఆగిపోయింది. ఇంట్లో మంచి చందువ చేపలు ఉన్నాయి. ఎన్నాళ్లని ఎండువే పంపడం, ఒక్కసారైనా తాజావి నా చేత్తో ఇవ్వాలనిపించింది. తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, చిన్న గంపలో చేపలు పెట్టుకుని బడికి వెళ్లాను.

బడి అంటే రెండు గదుల పెంకుటిల్లు. వరండాలో శిశుతరగతి. పిల్లల్లో కొట్లవాళ్ల పిల్లలు, రేవు గుమస్తాల పిల్లలు ఎక్కువ. మా వాడ నుంచి మా పిల్ల ఒక్కతే. పంతులమ్మగారు నాకంటే చిన్నావిడ. విజయనగరం వైపు మనిషి. నేను మెట్టు కిందే నిలబడి, మూలనున్న మా పిల్లని చూపించి, "నాను ఆ గుంట తల్లినండీ," అన్నాను.

ఆవిడ గబగబా మెట్లు దిగొచ్చింది. "ఎన్నాళ్లకి వచ్చారమ్మా! ఎన్ని కబుర్లు పంపాను!"

కబుర్లు అందుతూనే ఉన్నాయి కదా, ఇదేమిటి ఇలా అంటుంది అనుకున్నాను. గంప మీద ఆకు తీశాను. "తవరికి నెత్తళ్లంటే ఇష్టమని మౌసి సెప్పింది గానీ, ఇయ్యాల సందువలు దొరికినాయండి."

ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది. "అయ్యో, నేను చేపలు ముట్టనమ్మా."

"మరి ఇన్నాళ్లూ నాను పంపినవి?"

"నాకెవరూ ఏమీ ఇవ్వలేదే."

ఇద్దరం ఒకేసారి నూతివైపు తిరిగాం. అక్కడ మౌసి మాకు వీపు పెట్టి కూర్చుని, పిల్లల తాడు చుట్ట చుడుతోంది. చుట్టిన తాడునే మళ్లీ విప్పి చుడుతోంది.

"మౌసీ!" అంది పంతులమ్మగారు.

"వస్తన్నా, వస్తన్నా. తాడు సిక్కుపడిపోనాది."

వచ్చి నిలబడింది. ముఖంలో తడబాటేమీ లేదు. "తవరేమో తినరు. ఇదేమో ప్రేమగా ఇచ్చింది. పారేస్తే పాపం కాదేటి? ఆ పాపం తవరికొద్దని నేనే తిన్నాను," అంది.

పంతులమ్మగారికి నవ్వొచ్చినట్టుంది గానీ ఆపుకుంది. "చేపల సంగతి సరే. ఈవిడ కూతురు నోరు విప్పడం లేదు, తల్లిని ఒకసారి రమ్మని ఎన్నిసార్లు చెప్పాను నీకు?"

"నోరిప్పడం నేదా!" అన్నాను నేను. "నాతోటి నెమ్మదైన గుంటని మెచ్చుకున్నారని సెప్పింది!"

"నాతోనేమో, పంతులమ్మగారు ఏం చేసినా మా పిల్ల మంచికేనని మీరన్నట్టు చెప్పింది," అంది పంతులమ్మగారు.

నేను అసలు చెప్పి పంపింది, అల్లరి చేస్తే రెండు వెయ్యమని.

అప్పుడు మౌసి తాడు కింద పెట్టింది. "బజారు ఈదిలో ఒకమ్మికి, నీ కొడుకు రోజూ ఏడుస్తన్నాడని ఉన్నదున్నట్టు సెప్పానండి. మర్నాటి నుంచి ఆ పిల్లోడు తాడు పట్టుకోలేదు. అప్పట్నుంచీ ఇటు మాటైనా, అటు మాటైనా, రవ్వంత బెల్లమేసే మోస్తన్నాను. తాడు నిండా పిల్లలున్నారా నేదా సూడండి," అంది.

ముందు మౌసిని నీళ్ల కుండ నింపడానికి పంపేసింది ఆవిడ.

పంతులమ్మగారు నన్ను వరండా అంచున కూర్చోబెట్టింది. మా పిల్ల చాలా నెలలుగా ఒక్క మాట కూడా మాట్లాడలేదట. పాట పాడమంటే పాడదు. ముఖ్యంగా లెక్క రాలేదు. ఏడాది ఆఖర్న ఇన్‌స్పెక్టరుగారు వచ్చి, ప్రతి పిల్లనీ అడిగి చూసి పై తరగతికి పంపుతారు. అప్పుడూ ఇలాగే నిలబడితే మళ్లీ ఏడాది ఇక్కడేనట.

మళ్లీ ఏడాది అన్నది మా ఇంట్లో లేదు. నా కళ్లముందు ఉప్పు గోలెం పక్కనున్న పీట కనిపించింది.

"లెక్క రాదా?" అన్నాను. నమ్మబుద్ధి కాలేదు. పిల్లని పిలిచాను. "ఓలె, ఇలా రా. ఈ సందువలెన్నో సూసి సెప్పు."

అది వచ్చి గంప ముందు గొంతుక్కూర్చుంది. ఒక్కొక్క చేపనీ పక్కకి జరుపుతూ, "లాభం, రెండు, మూడు, నాలుగు," అంటూ అడుగుదాకా తడబడకుండా లెక్కపెట్టి నావైపు చూసింది. మేము ఒకటి అని మొదలుపెట్టం. మొదటిది ఎప్పుడూ లాభమే.

"మా ఇంట్లో ధాన్యం కొలిచేటప్పుడూ ఇలాగే అనేవారు," అంది పంతులమ్మగారు. ఆవిడ గొంతులో ఆశ్చర్యం, కొంచెం దిగులు. "మరి తరగతిలో ఎందుకు చెప్పదు?"

"తరగతిలో ఏటి లెక్కెట్టమంటారండీ?"

"పిల్లల్నేనమ్మా. పొద్దున్నే ఒకళ్లు లేచి అందరి తలలూ ముట్టుకుంటూ, ఎంతమంది వచ్చారో చెప్పాలి. రోజుకొకళ్ల వంతు."

నా చెయ్యి దానంతటదే నోటిమీదకి వెళ్లింది.

మా ఇళ్లలో మనుషుల్ని లెక్కపెట్టరు. తెప్పలు నీళ్ల మీద ఉన్నంతసేపూ అసలు లెక్కపెట్టరు. ఎన్ని తెప్పలు వెళ్లాయి, ఎంతమంది వెళ్లారు అని ఎవరూ నోటితో అనరు. లెక్కపెడితే తక్కువవుతారని భయం. ఒకసారి టీకాలు వేసేవాళ్లు వచ్చి, ఇంట్లో ఎంతమంది అని అడిగితే, మా అత్త "ఉన్నారు" అంది. ఎంతమంది అని మళ్లీ అడిగితే, "దేవుడిచ్చినోళ్లంతా ఉన్నారు" అంది. వాళ్లు విసిగిపోయి, కనిపించినవాళ్లకల్లా సూది గుచ్చి వెళ్లిపోయారు. మా పిల్లకి ఇదంతా ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. నేను అన్నం గిన్నెలు కూడా లెక్కపెట్టకుండా పేర్చడం చూసి నేర్చుకుంది.

ఇదంతా పంతులమ్మగారికి గొంతు తగ్గించి చెప్పాను. ఆ వేళప్పుడు మా ఇంటాయన తెప్ప సముద్రం మీదే ఉంది.

ఆవిడ నవ్వుతుందేమోనని భయపడ్డాను. నవ్వలేదు. వరండాలో గోల చేస్తున్న పిల్లల్నీ, గంప పక్కనున్న మా పిల్లనీ మార్చి మార్చి చూసింది. "నేను మొండితనం అనుకున్నాను. రెండుసార్లు నిలబెట్టి అడిగాను కూడా. తోటి పిల్లలు నవ్వారు. అప్పట్నించీ మాట మానేసింది," అంది. నావైపు తిరిగి, "లెక్కపెట్టినా పరవాలేదని మీరు చెబితే వింటుంది కదా?" అని అడిగింది.

"నాను సెప్పలేనండి," అన్నాను. నిజంగానే చెప్పలేను. ఇంట్లో ఆ కట్టడి నాది కాదు. దాన్ని సడలించి, ఆనక ఏదైనా జరిగితే? "మా అత్త సెప్పాలి."

మా అత్తకి చెప్పడానికి ధైర్యం కూడగట్టుకోవడానికే సాయంత్రమైంది. ఆమె విన్నది, చేతిలో చేప కింద పెట్టింది. "తలలు ముట్టుకోనా లెక్కెట్టేది? ఒక్కొక్క తలా ముట్టుకోనా?" అని మళ్లీ మళ్లీ అడిగింది. "ఓలమ్మో, కన్నోళ్లకి సెప్పకుండానే! రేపు నానొస్తాను."

పీట విషయం ఎత్తుతుందేమో, బడి మానిపించేస్తుందేమో అనుకుంటూనే పడుకున్నాను.

మర్నాడు ఉప్పు చేతులతోనే వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. "ఏటమ్మా పంతులమ్మా, మా గుంట సేత పిల్లల తలలు లెక్కెట్టిస్తన్నావంట?"

"నాకు తెలీక చేశానమ్మా," అంది పంతులమ్మగారు. "కానీ ఎంతమంది వచ్చారో నాకు రోజూ తెలియాలి. దారిలో ఎవరైనా తప్పిపోతే?"

మా అత్త వేటకి పోయి తిరిగిరానివాళ్లని చూసిన మనిషి. తప్పిపోవడం గురించి ఆమెకి తెలుసు.

"మీ మగవాళ్లందరూ తిరిగొచ్చారని మీకెలా తెలుస్తుంది మరి?" అని అడిగింది పంతులమ్మగారు. ఎదురుప్రశ్న వేసినట్టు కాదు, నిజంగా తెలుసుకుందామని.

"తెడ్లు సూస్తాం," అంది మా అత్త. "ఒడ్డుకొచ్చిన ప్రతోడూ తన తెడ్డు మా సావిడి గోడకి సేరేస్తాడు. సందేల ఎల్లి తెడ్లు లెక్కెడతాం. మనుసుల్ని కాదు. తెడ్డుకేటవుద్ది? కర్ర."

పంతులమ్మగారు వరండా గోడవైపు చూసింది. పాట పాడేటప్పుడు పిల్లలు తమ పలకల్ని ఆ గోడకి చేరేసేవారు. అప్పుడూ అలాగే వరసగా ఉన్నాయి. మా అత్త కూడా అటే చూసింది. ఎవరు ముందు అన్నారో నాకిప్పుడు గుర్తులేదు. ఇద్దరూ అన్నారనే గుర్తు.

"ఓలె మనవరాలా, ఇలా రా. మనుసుల జోలికెల్లకు. ఆ పలకలు లెక్కెట్టు."

"పలకలైతే తప్పు నేదా మామ్మా?"

ముందురోజు చేపల లెక్కని పక్కన పెడితే, ఆ వరండాలో అన్ని నెలల తరవాత మా పిల్ల మాట్లాడిన మొదటి మాట అదే. పంతులమ్మగారు నల్లబల్లవైపు తిరిగి, ఏమీ లేని చోట గుడ్డతో తుడిచింది.

వెళ్తూ వెళ్తూ మా అత్త ఇంకో మాట అంది. "ఒకటీ అని మొదలెట్టించకు తల్లీ. ఒకటంటే ఏటొస్తాది? లాభమంటే లాభమొస్తాది."

అంతటితో పిల్ల గలగలా మాట్లాడేసిందని అనుకోవద్దు. పలకలు లెక్కపెట్టేది, మళ్లీ నోరు మూసుకునేది. ఒక రోజు పాడితే రెండు రోజులు ఊరుకునేది. ఆ సంగతి నాకు రోజూ తెలియాలి, బెల్లం లేకుండా తెలియాలి. మౌసిని కాదంటే ఆమె నొచ్చుకుంటుంది. నాకేమో చదవడం రాదు. పంతులమ్మగారే దారి ఆలోచించింది. పిల్ల పలక వెనకవైపు ఒక చేప బొమ్మ గీసి పంపుతానంది. నోరు తెరిచిన చేపైతే ఆ రోజు పిల్ల మాట్లాడినట్టు, నోరు మూసిన చేపైతే మాట్లాడనట్టు.

మొదటి చేప ఇంటికొచ్చిన రోజు మా అత్త పలక అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది సేపే? వంకాయకి తోకెట్టింది!"

నిజమే. చేప ముట్టని ఆవిడకి రెక్కలెక్కడుంటాయో ఏం తెలుసు? నేను దాని కింద సుద్దతో సరైన చేపని గీసి, పొద్దున్న పిల్ల చేత పంపాను. సాయంత్రం కాస్త మెరుగైన చేప వచ్చింది. మళ్లీ దిద్ది పంపాను. ఇలా కొన్నాళ్లు ఆవిడ నాకు మా పిల్ల సంగతి చెబుతూ ఉంటే, నేను ఆవిడకి చేప ఎలా ఉంటుందో చెబుతూ వచ్చాను. పిల్ల ఇంట్లో ఏమంటోందో కూడా బొమ్మలోనే చెప్పేదాన్ని. రాత్రి బడిపాట పాడిందనుకోండి, నా చేప కూడా నోరు తెరిచేది.

ఒకరోజు ఆవిడ బొమ్మ కింద రెండు గుర్తులు వేసింది. "ఇదేటి?" అని మా పిల్లనడిగాను. అది నా వైపు జాలిగా చూసి, "చే, ప," అంది. ఇంట్లో ఇంకెవరూ చూడకుండా ఆ రెండింటినీ వేలితో దిద్దాను. చే కష్టపెట్టింది. ప తొందరగానే లొంగింది.

ఆ తరవాత నేను రోడ్డుకి అవతలి పక్క నడవడం మానేశాను. బరంపురం నుంచి వచ్చాక, గంప నూతి దగ్గర బోర్లించి, కాళ్లూ చేతులూ కడుక్కుని వరండా చివర కూర్చునేదాన్ని. పంతులమ్మగారు మూల పగిలిన పలకొకటి నాకిచ్చింది. పిల్లలు గోడకి పలకలు చేరేస్తే, చివర్న నాది కూడా చేరేసి వెళ్లేదాన్ని. మా వాడలో ఇద్దరు ముగ్గురు వెక్కిరించారు. "ముసలి గుంట శిశుతరగతిలో సేరింది" అని మా తోటికోడలు అంటే, "అవునే, వచ్చే ఏడు నీకు జాగా ఉంచుతాను" అన్నాను.

మౌసి కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. పలక మోసేది మాత్రం ఆమే. బొమ్మ చెదరకుండా కొంగు అడ్డం పెట్టుకుని మరీ తెచ్చేది. ఒక సాయంత్రం గుమ్మంలో ఆగి, "రేపు ఇన్‌స్పెక్టరొస్తాడు. బెల్లమెయ్యలేదు, ఉన్నదున్నట్టు సెప్తన్నాను," అంది. అలా మళ్లీ మాట కలిసింది.

మర్నాడు నేను బరంపురం వెళ్లలేదు. వరండా గోడవతల, నీళ్ల కుండ పక్కన, మౌసితో కలిసి నక్కి నిలబడ్డాను. ఇన్‌స్పెక్టరుగారు కోటూ తలపాగాతో చెమటలు కక్కుతూ కుర్చీలో కూర్చున్నారు. కొందరి చేత పాటలు పాడించారు. తరవాత, "ఎంతమంది వచ్చారో ఎవరు చెబుతారు?" అన్నారు.

పంతులమ్మగారు మా పిల్లని లేపింది. ఇంకెవర్నైనా లేపొచ్చు. నా చేతిలో మౌసి చెయ్యి ఉంది, ఎవరు ఎవర్ని నలిపేశామో తెలీదు.

"మా తరగతిలో పలకలు లెక్కపెడతామండి," అంది పంతులమ్మగారు.

"ఏదైతేనేం, కానివ్వండి."

పిల్ల గోడ దగ్గరికి వెళ్లింది. ఇన్‌స్పెక్టరుగారి ముందు పుస్తకంలో ఉన్నట్టే అనాలని పంతులమ్మగారు ముందే నేర్పింది. "ఒకటి," అంది మా పిల్ల.

"లాభం!" అని తరగతంతా ఒక్క గొంతుతో దిద్దింది. కొట్లవాళ్ల పిల్లల గొంతులే అందరికంటే గట్టిగా వినిపించాయి.

ఇన్‌స్పెక్టరుగారి కనుబొమలు పైకి లేచాయి. పంతులమ్మగారి ముఖం ఎర్రబడింది. ఆయన ఏమీ అనకుండా, మొదట్నించి కానివ్వమని చేత్తో సైగ చేశారు. మా పిల్ల లాభంతో మొదలుపెట్టి చివరి పలకదాకా వెళ్లి, "ఇరవై రెండు," అంది.

ఆయన రిజిస్టరు చూసుకున్నారు. "ఇరవై ఒకటి. ఒకటి ఎక్కువ చెప్పింది. మళ్లీ."

మళ్లీ ఇరవై రెండే వచ్చింది. ఆయన కలం తీశారు. నేను ఆ కలం వైపే చూస్తున్నాను. పంతులమ్మగారు ఏదో చెప్పబోయేలోగా మా పిల్ల ముందుకొచ్చింది.

"పలకలు ఇరవై రెండేనండి. ఆ సివరిది మాయమ్మది. మాయమ్మ ఆ గోడెనకాలుంది."

నేను కుండ వెనక్కి కూలబడ్డాను. మౌసి మాత్రం గోడమీంచి తల పెట్టి, ఏం జరుగుతోందో నాకు గుసగుసగా చెబుతూనే ఉంది. ఇన్‌స్పెక్టరుగారు కుర్చీలోంచి లేచారట. చివరి పలక తీసి చూశారట. ముందు రోజు నేను రాసింది దానిమీద అలాగే ఉంది: చేప, వల, తెడ్డు. పలకని మళ్లీ గోడకి చేరేసి, "సరిగ్గానే చెప్పింది," అన్నారు. ఆ మాట నేనే విన్నాను.

ఆ సాయంత్రం పలక వెనక చేప లేదు. అక్షరాలే ఉన్నాయి. ఇంటికి వెళ్లేదాకా ఆగలేక సందు మొదట్లోనే నిలబడి, వేలు పెట్టుకుని ఒక్కొక్కటీ కూడబలుక్కున్నాను. కొన్ని అక్షరాల దగ్గర వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చాను. మౌసి గొడుగు పట్టుకుని ఓపిగ్గా నిలబడింది.

"ఏటి రాసింది?"

"ఒకటో తరగతికి పంపండి," అని చదివాను.

"అంతేనా? మెచ్చుకోలేదేటి?"

"అంతే ఉంది మౌసీ."

ఆమె పెదవి విరిచింది. గొడుగు దించి, నాకంటే ముందు మా గుమ్మంలోకి నడిచింది. "మీ మనవరాల్ని సూసి ఇన్‌స్పెక్టరు కుర్సీలోంచి లేసి నిలబడ్డాడు. ఇలాటి గుంట ఈ జిల్లాలోనే నేదన్నాడు. మద్రాసుకి కూడా రాసి పంపుతానన్నాడు!" అంది మా అత్తతో.

మా అత్త చేతిలో పని ఆపి నావైపు చూసింది. "నిజంగా లేసి నిలబడ్డాడేటి?"

"లేసి నిలబడ్డాడు అత్తా," అన్నాను. అంతవరకు నిజమే కదా.

ఆమె చేతులు కడుక్కుంది. ఉప్పు గోలెం పక్కనున్న చిన్న పీటని తీసి, కొంగుతో తుడిచి, మౌసి ముందు వేసింది. "కూకో. మొదట్నించి సెప్పు."

మౌసి పీట మీద సర్దుకుని కూర్చుని గొంతు సవరించుకుంది. నేను పలక ఒళ్లో పెట్టుకుని, పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని వినడానికి కూర్చున్నాను.